పదకొండో కాగితం

డాక్టర్ ఆల్బన్ గ్రీవ్స్‌ను తిట్టుకోకుండా వెర్న్ ట్రెంబాత్ ఈ తొమ్మిదేళ్లలో ఒక్క రోజు కూడా పక్క దిగలేదు. తను తర్ఫీదు ఇచ్చిన గుర్రం మూత్రంలో మార్ఫిన్ ఉందని కాగితం మీద సంతకం గీకినవాడు ఆ గ్రీవ్స్. ఆ గీతతో లైసెన్సు పోయింది, గుర్రాలు పోయాయి, వాటి వెంట పొలమూ పోయింది. పద్నాలుగో ఏట బడి ఎగ్గొట్టి, పేడ ఎత్తుకుంటూ పైకొచ్చిన మనిషికి వచ్చిన విద్య అదొక్కటే. అది లాక్కున్నాక మిగిలింది కూపీలు లాగే బతుకు. బీమా కోసం గుర్రాన్ని చంపుకున్నవాళ్లను, చచ్చిన గుర్రాన్ని అమ్ముకున్నవాళ్లను పట్టుకోవడం.

శుక్రవారం మధ్యాహ్నం పన్నెండూ పదికి అదే గ్రీవ్స్ ప్రయోగశాల గుమ్మం తొక్కాడు.

ఈసారి ఇరుక్కున్నది నోలీన్ షుల్ట్స్. రెండు చక్రాల బండి కట్టి పరిగెత్తించే పందేలకు పదకొండు గుర్రాలను సాకుతోంది, అన్నీ పరాయి వాళ్లవే. ఆమె చేతి కింద ఉన్న సాల్ట్‌బుష్ లేడీ అనే ఆడగుర్రం శనివారం గెలిచింది. మంగళవారం పరీక్షలో మార్ఫిన్ బయటపడింది. ఈ రోజు రెండింటికి పందేల సంఘం ముందు విచారణ. అదే మూత్రం పోసి దాచిన రెండో సీసా సీలు విప్పకుండా సిడ్నీ వెళ్లి జవాబు రావాలంటే మూడు వారాలు. అప్పటిదాకా లైసెన్సు ఆపామంటే చాలు, యజమానులు సాయంత్రానికల్లా బండ్లు తెచ్చి గుర్రాలను ఎక్కించుకుపోతారు. ఖాళీ కొట్టం ఎలా ఉంటుందో వెర్న్‌కు ఒకరు చెప్పక్కర్లేదు.

"నిజం చెప్పు నోలీన్, ఏమైనా పెట్టావా?" అని బయట బండిలోనే అడిగాడు.

"పెట్టాను. రోజూ రెండు క్యారెట్లు, నాలుగు తిట్లు" అంది నోలీన్, చేతిలో ఉన్న మాంసం కూరిన రొట్టె కొరకకుండానే. "ఆ మహాతల్లి ఈల వెయ్యందే మూత్రం కూడా పొయ్యదు. శనివారం అరగంట ఈల వేశాను, పెదాలు పగిలాయి. మందు పెట్టినదాన్నయితే అంత కష్టపడి సీసా నింపిస్తానా, వెర్నూ?"

ఆ మాట వెర్న్‌కు నచ్చింది. దొంగ ఎప్పుడూ ఈల వెయ్యడు.

ఆరోపణ పడినవారి తరఫు మనిషికి ప్రయోగశాల కాగితాలు చూసే హక్కు ఒక గంట. ఒకటీ పదికి గడువు. గ్రీవ్స్ ముసలివాడైపోయాడు, భుజాలు జారాయి, చూపు మాత్రం అదే.

"మిమ్మల్ని పంపుతారనుకోలేదు, ట్రెంబాత్."

"నన్ను చూస్తారని నేనూ అనుకోలేదు, డాక్టరు గారూ. మిషన్ చూపించండి."

మిషన్ గది చల్లగా ఉంది. బల్ల మీద గుండ్రటి పళ్లెం, దాని చుట్టూ ఇరవై నాలుగు చిన్న సీసాలకు గుంటలు. ఒక్కో సీసాకు రబ్బరు మూత. గ్రీవ్స్ క్లుప్తంగా చెప్పాడు. సూది ఉన్న చెయ్యి దిగి, రబ్బరు మూతను పొడిచి, కాస్త మూత్రం పీలుస్తుంది. దాన్ని పొడి నింపిన చిన్న గొట్టంలోకి నెడుతుంది. చెత్త చాలావరకు కడిగేసుకుని పోతుంది, మందు పొడికి అంటుకుని ఉండిపోతుంది. తరవాత ఆ మందును ఊడదీసి పొడవాటి గొట్టం గుండా మిషన్‌లోనే ఉన్న చిన్న విద్యుత్ గదిలోకి పంపుతారు. అక్కడ మందు కరెంటుకు తగిలి చిటికెడు విద్యుత్తు వదులుతుంది. కాగితం మీద గీత లేచి నిలబడుతుంది. మార్ఫిన్ అయితే మొదలైన ఆరు నిమిషాలకు. ఒక్కో సీసాకు పద్నాలుగు నిమిషాలు.

"అంటే చేటతో చెరిగినట్టే" అన్నాడు వెర్న్. "ఊక పోయి గింజ మిగలడం."

"అంతే. ముందు మేం చేత్తో చెరిగేవాళ్లం. ఇది వచ్చాక మనిషి చెయ్యి పడదు."

"మనిషి చెయ్యి పడనిది ఈ లోకంలో నేను చూళ్లేదు. మంగళవారం దీని దగ్గర ఎవరున్నారు?"

"నా సహాయకుడు డారెల్. నేను ఊళ్లో లేను, వేరే విచారణలో సాక్ష్యం."

డారెల్ పాష్కేకు ముప్పై అయిదేళ్లు ఉంటాయి. మడత నలగని తెల్లకోటు, చెమట పట్టిన మెడ. అంత చల్లటి గదిలో మెడకు చెమట ఎందుకని వెర్న్ మనసులో రాసుకున్నాడు.

"మంగళవారం అంటే మెల్‌బోర్న్ కప్పు పందెం రోజు" అన్నాడు వెర్న్. "దేశం దేశమే పని ఆపి చూస్తుంది. మీరూ చూశారా?"

"చూడక? సంచిలోంచి తలా ఒక గుర్రం చీటీ తీశాం గురూ. నాకొచ్చింది ఇంకా పరిగెత్తుతూనే ఉందేమో."

"ఎక్కడ చూశారు?"

"టీ గదిలో. టీవీ అక్కడేగా ఉంటుంది."

"ఎన్ని గంటలకు లేచావు ఇక్కణ్నుంచి?"

"మూడూ పదికి. మూడూ ఇరవైకి పందెం. మూడున్నరకల్లా వచ్చేశాను. మిషన్ దాని పాటికది నడుస్తూనే ఉంది. కావాలంటే ఆ వేళ కాగితం చూసుకో, గీత వంకర కూడా పోలేదు."

వెర్న్ కాగితాల కట్ట తిరగేశాడు. ప్రతి దాని నెత్తిన నంబరు, మొదలైన వేళ అచ్చయి ఉన్నాయి. మార్ఫిన్ గీత లేచిన నోలీన్ గుర్రం కాగితం పదిహేడోది. మూడూ పది నుంచి మూడున్నర దాకా కాగితాలు నిజంగానే చక్కగా ఉన్నాయి. డారెల్ ఊపిరి వదిలాడు.

"మీదే ఊరు తమ్ముడూ?"

"మెల్‌బోర్న్ దగ్గర బల్లారత్. ఆగస్టులో వచ్చాను ఇక్కడికి."

"అదీ సంగతి. మీ మెల్‌బోర్న్ గడియారంలో మూడూ ఇరవై అయితే మన అడిలైడ్ గడియారంలో ఎంత?"

డారెల్ గోడ గడియారం వైపు చూశాడు.

"రెండూ యాభై" అన్నాడు వెర్న్. "అరగంట వెనక. పుట్టినప్పట్నుంచీ పేపర్లో మూడూ ఇరవై అని చదివిన నోరు, అబద్ధం ఆడేటప్పుడు అదే ఆడింది. ఇక్కడ మూడూ పదికి గెలిచిన గుర్రానికి దండ వేసేశారు, అది నీళ్లు కూడా తాగేసింది. ఏ పందెం చూడ్డానికి లేచావయ్యా నువ్వు?"

గ్రీవ్స్ తన మనిషి వైపు తిరిగాడు. వెర్న్ వేలు రెండూ నలభై నాలుగు అని ఉన్న కాగితం మీద ఆగింది. పదకొండో నంబరు. దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూశాడు. గీత ఇస్త్రీ చేసిన పంచె అంచులా తిన్నగా సాగిపోయింది. పదో కాగితం చూశాడు. మార్ఫిన్ లేదు గాని, మొదటి రెండు మూడు నిమిషాల్లో గడ్డి మొలకల్లా చిన్న చిన్న గుబ్బలు. పన్నెండు చూశాడు, గుబ్బలు. తొమ్మిది, గుబ్బలు.

"డాక్టరు గారూ, ఈ గుబ్బలేమిటి?"

"గొట్టం ఎంత కడిగినా పోని చెత్త. గుర్రం తిన్న గడ్డి తాలూకు సరుకు."

"నలభై ఏళ్లు గుర్రాల మూత్రం నా బూట్ల మీద పడింది. చిక్కగా, జిగటగా, బురద నీళ్లలా ఉంటుంది. గడ్డి తినని గుర్రాన్ని నేను చూళ్లేదు. మరి ఈ పదకొండోది ఏం తిన్నట్టు? గాలా?"

గ్రీవ్స్ కాగితం లాక్కున్నాడు. కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి ముక్కుకు ఆనించుకున్నాడు. "నేను ఆరో నిమిషం దగ్గరే చూశాను" అన్నాడు మెల్లగా. "అక్కడ ఏమీ లేకపోతే... బాగుందనుకుని తిప్పేశాను."

వెర్న్ అప్పటికే మోకాళ్ల మీద బల్ల కింద ఉన్నాడు. గోడకు రెండు ప్లగ్గులు. ఒకదాని మీద ఎర్ర రంగుతో 'తీస్తే చంపుతాను – ఏ.జి.' అని రాసి ఉంది, అది విద్యుత్ గదిది. ఒకసారి ఆపితే మళ్లీ గీత కుదురుకోవడానికి సగం రోజు పడుతుందట. రెండోది పళ్లేనిది, దాని మీద ఏ రాతా లేదు. గోడకూ బల్లకూ మధ్య ఒక నురగ వైన్ బిరడా పడి ఉంది.

బిరడా తెచ్చి బల్ల మీద పెట్టాడు. "మంగళవారం ఎండ ఎంత?"

"నలభై" అన్నాడు డారెల్. ఇంక దాచడానికి ఓపిక లేనట్టు గోడకు చేరగిలబడ్డాడు. "టీ గది పెనంలా ఉంది. చల్లగా ఉన్నది ఇదొక్కటే. పదిమందీ ఇక్కడికే వద్దామన్నారు. టీవీ తోసుకొచ్చాం. ఖాళీ ప్లగ్గు లేదు. ఎర్ర రంగుది ముట్టుకోలేదు గురూ, ఒట్టు! పళ్లెం ప్లగ్గే తీశాను. పది నిమిషాలు. పళ్లేనికేమవుతుంది, ఆగిన చోట ఆగుతుంది, మళ్లీ పెడితే కదులుతుంది అనుకున్నాను."

"ఆగిన చోటే ఆగింది. కాగితం మాత్రం ఆగలేదు" అన్నాడు వెర్న్. "పదకొండో సీసాలోకి సూది దిగనే లేదు. కాగితం మాత్రం పదకొండు అని అచ్చేసుకుంది. మళ్లీ కరెంటు వచ్చాక పళ్లెం పదకొండో సీసా ఇచ్చింది, కాగితం పన్నెండు అంది. అక్కణ్నుంచి చివరిదాకా ఒకరి పాపం పక్కవాడి నెత్తిన."

"ఊహ" అన్నారెవరో గుమ్మంలోంచి. "చక్కటి ఊహ. కథలు రాసుకోరా వెర్న్, నీకు ఖాళీయేగా."

క్లైవ్ డన్‌స్టన్. పందేల సంఘం తరఫు పరిశోధకుడు, నోలీన్ మీద కేసు కట్టింది అతనే. ఒకప్పుడు వెర్న్ కొట్టంలో పెద్ద పనివాడు, వెర్న్ కంచంలో తిన్నవాడు. ఇప్పుడు ఇస్త్రీ చొక్కా, సంఘం బాడ్జీ.

"వేళ చూడు, పన్నెండూ యాభై అయిదు. ఇంకో పావుగంటలో బయటికి నడుస్తావు. విచారణలో ఈ బిరడా చూపిస్తావా? నవ్వుతారు."

"నవ్వనీ. నువ్వెందుకంత కంగారు పడుతున్నావ్?"

"కంగారా? నువ్వు నా మీద కడుపుమంటతో తిరుగుతున్నావని ఊరంతా తెలుసు. నీ పొలం బ్యాంకు వేలంలో నేను కొన్నాను. ఎవడో ఒకడు కొనాలిగా! దాన్ని కూడా ఎవడికో అద్దెకిచ్చాను, నా బతుకు నేను బతుకుతున్నాను. నీ ఏడుపు ఆ పిల్ల కేసులో కక్కకు."

వెర్న్ పిడికిలి బిగిసింది. తొమ్మిదేళ్ల కింద అయితే ఆ ఇస్త్రీ చొక్కాకు గుండీలు మిగిలేవి కావు. ఊపిరి పీల్చి గ్రీవ్స్ వైపు తిరిగాడు.

"ఆ సీసాలు ఉన్నాయా, పారబోశారా?"

"కేసు తేలేదాకా పారబోయం. ఫ్రిజ్‌లో ఉన్నాయి."

"మూతలు మార్చారా?"

"లేదు."

పళ్లెంలో వరసగా పేర్చిన ఇరవై నాలుగు సీసాలు బల్ల మీదికి వచ్చాయి. గ్రీవ్స్ భూతద్దం తెచ్చాడు. వెర్న్ అందుకోలేదు. "మీరే చూడండి. నేను చూస్తే వీడు నా కళ్లనూ అనుమానిస్తాడు."

గ్రీవ్స్ ఒక్కొక్క రబ్బరు మూతనే లెక్కపెట్టుకుంటూ చూశాడు. "ఒకటి, పొడిచిన గుర్తుంది. రెండు, ఉంది..." పదకొండు, ఉంది. పదిహేడు, ఉంది. ఇరవై మూడు, ఉంది. ఇరవై నాలుగో మూత దగ్గర అతని చెయ్యి ఆగిపోయింది. దీపం కిందికి జరిపి తిప్పి తిప్పి చూశాడు.

"దీన్ని సూది ముట్టలేదు" అన్నాడు. "కన్నం లేదు. కాగితాలు ఇరవై నాలుగు. పొడిచినవి ఇరవై మూడు."

డారెల్ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. "అయ్యో దేవుడా. ఆ నోలీనమ్మ..."

"పదిహేడో సీసా మళ్లీ నడపండి" అన్నాడు వెర్న్. "ఇప్పుడే. నా కళ్ల ముందు."

"గడువు!" అన్నాడు క్లైవ్.

"ఇది నా ప్రయోగశాల, డన్‌స్టన్" అన్నాడు గ్రీవ్స్. గొంతు పెద్దది చెయ్యలేదు, కాని అది వేరే గొంతు. "నా తప్పు నేను దిద్దుకోవడానికి సంఘం గంట కొట్టనక్కర్లేదు."

"సరే. పదిహేడు నడుపుకోండి. మిగతావి ముట్టడానికి వీల్లేదు, వాటి మీద కేసు లేదు. నేను విచారణకు వెళుతున్నాను." తలుపు గోడకు కొట్టుకునేలా వెళ్లిపోయాడు.

ఒకటీ అయిదుకు సూది దిగింది. ముగ్గురు మగవాళ్లు కాగితం ముందు ఊపిరి బిగించి నిలబడ్డారు. రెండో నిమిషంలో గుబ్బలు లేచాయి, అచ్చమైన గడ్డి, అచ్చమైన గుర్రం. వెర్న్ జేబులో వేళ్లు పెనవేసుకున్నాడు. నాలుగు. అయిదు. ఆరు. గీత ఆరో నిమిషం మీదుగా, ఏమీ ఎరగనట్టు, తిన్నగా నడిచి వెళ్లిపోయింది. ఏడు. ఎనిమిది.

"లేదు" అన్నాడు గ్రీవ్స్. "మార్ఫిన్ లేదు. ఆ గుర్రం శుభ్రం."

వెర్న్ కుర్చీ ఎక్కడుందో చూసుకోకుండా కూలబడ్డాడు, అదృష్టవశాత్తూ కుర్చీ ఉంది. డారెల్ ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియలేదు. గ్రీవ్స్ ఫోను తీసి సంఘం కార్యదర్శితో నాలుగు ముక్కలు మాట్లాడాడు. తప్పు ప్రయోగశాలది, తన సంతకం వెనక్కి తీసుకుంటున్నాడు, విచారణ కాగితం వెంటనే రద్దు చెయ్యాలి. పెట్టేసి, "రద్దు చేశారు" అన్నాడు.

వెర్న్ కిటికీ తోసి బయటికి అరిచాడు. "నోలీన్! ఇంటికి పో! గుర్రాలకు మేత వేసే వేళయింది!"

బండి హారన్ మోగింది, ఆగకుండా, నిమిషం పాటు. ఆ మోత మీదుగా ఆమె గొంతు: "నీ మొహం మండా వెర్నూ, ముందే చెప్పచ్చుగా! రొట్టె చల్లారిపోయింది!" వెంటనే గట్టిగా ఏడుపు. అది ఎలాంటి ఏడుపో వెర్న్‌కు తెలుసు. తొమ్మిదేళ్ల కింద తనకు దొరకని ఏడుపు. గుండెల మీంచి పలుపు తాడు విప్పినట్టయింది, ఎవరి తాడైతేనేం.

అక్కడితో లేచి వెళ్లిపోవచ్చు. కాళ్లు కదలలేదు.

"డాక్టరు గారూ, పదిహేడు అని అచ్చయిన గీత పదహారో సీసాది. అంటే నిజంగా మందు తిన్న గుర్రం ఒకటుంది."

"అదే ఆలోచిస్తున్నాను" అంటూనే గ్రీవ్స్ పదహారో సీసా పళ్లెంలోకి దించాడు. "డన్‌స్టన్ ముట్టొద్దన్నాడు. ఎందుకన్నాడో నాకు అంతుపట్టలేదు. అంతుపట్టని మాట నేను వినను."

ఒకటీ పంతొమ్మిదికి సూది దిగింది. ఒకటీ పాతికకు గీత గోడ ఎక్కిన పిల్లిలా లేచి కాగితం అంచును తాకింది.

సీసాల మీద నంబర్లే తప్ప పేర్లుండవు. పేర్ల చిట్టా సీలు వేసిన కవరులో ఇనప్పెట్టెలో ఉంటుంది, మందు తేలిన నంబరు వరస మాత్రమే విప్పాలని నియమం. గ్రీవ్స్ డారెల్ చేత సాక్షి సంతకం పెట్టించి సీలు చింపాడు. చదివాడు. చదివినవాడు తల ఎత్తలేదు.

"ట్రెంబాత్, ముందు మీకొకటి చెప్పాలి. తొమ్మిదేళ్లుగా మీరు నన్ను ఏమనుకుంటున్నారో నాకు తెలుసు. ఇందాక ఈ కాగితం చూసినప్పుడు మీ కళ్లలో ఒక ఆశ కనబడింది. మీ గుర్రం విషయంలోనూ ఇలాంటి తప్పే జరిగి ఉంటుందని."

వెర్న్ చూపు పదకొండో కాగితం మీదికి మళ్లింది. అబద్ధం కాదు మరి.

"అప్పుడు ఈ మిషన్ లేదు. మీ సీసా నేను నా చేతులతో చెరిగాను. ఒకసారి కాదు, మూడుసార్లు, మూడు రోజులు. ఎందుకంటే మీరు అలాంటి మనిషి కాదని అందరూ అన్నారు. మూడుసార్లూ మార్ఫినే. రెండో సీసా సిడ్నీ వాళ్లు చూశారు, వాళ్లకీ అదే. ఆ సంతకం సరైనదే, ట్రెంబాత్. మీ గుర్రానికి మందు పడింది. మీరు వెయ్యలేదంటే నేను నమ్ముతాను. కాని ఎవరో వేశారు."

వెర్న్ తల దించుకున్నాడు. తొమ్మిదేళ్లు రోజుకొక తిట్టు చొప్పున ఈ ముసలాయన మీద పోసిందంతా తప్పు చిరునామాకు వెళ్లిన ఉత్తరాల్లా కాళ్ల దగ్గర వచ్చి పడింది. కోపం రావలసిన చోట ఏదో తేలికగా, నీళ్లు తాగినట్టుగా అనిపించింది. ద్వేషించడానికి ఒక మనిషి తగ్గాడు. ఆ వెంటనే ఇంకో సంగతి గుర్తొచ్చింది. ఆ రోజుల్లో మేత గదికి రెండే తాళం చెవులు. ఒకటి తన బెల్టుకు. రెండోది పెద్ద పనివాడి దగ్గర.

"పదహారో గుర్రం ఎవరిది?" అన్నాడు.

"పేరు టిన్ పెన్నీ. యజమాని ఎవరో కంపెనీ, నాకు తెలీదు. కొట్టం చిరునామా మాత్రం మీరే చూడండి." గ్రీవ్స్ చిట్టా అతని వైపు తిప్పాడు.

వెర్న్ చదువు తక్కువవాడే. అయినా ఆ చిరునామా చదవడానికి అక్షరాలు కూడబలుక్కోనక్కర్లేదు. ముప్పై ఏళ్లు తన ఉత్తరాలన్నీ ఆ చిరునామాకే వచ్చేవి. పైన్‌హట్ రోడ్డు, బావి గేటు పక్కన, క్లైవ్ డన్‌స్టన్ వేలంలో పాడుకున్న అరవై మూడున్నర ఎకరాలు.